ఉట్టి కింద ముగ్గుపిండి

మా నాయనమ్మకి పెంకుటిళ్ళ మీద ఎప్పుడూ నమ్మకం లేదు. మా ఇల్లు మొదట్లో తాటాకుది. నాన్న దాన్ని విప్పించి, గోడలు లేపించి, దూలాలు ఎత్తించి, పెంకులు కప్పించినప్పుడు ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకున్నారట. ఆవిడ మాత్రం తల పైకెత్తి చూసి, "తాటాకు మీద పడితే దులుపుకుని లేస్తాం. ఇవి పడితే లేచేదెవరు?" అందట. తరవాత ఏళ్ళ తరబడి ఆ కప్పు కిందే వండింది, తిన్నది, కోడళ్ళకి పురుళ్ళు పోసింది. అయినా గాలివాన వచ్చిందంటే చాలు, నులకమంచం వసారాలోకి లాక్కునేది.

అష్టగ్రహ కూటమి వచ్చిన ఏడు ఆ మంచం వసారా దాటి, వీధి దాటి, మా మామిడితోటలో కావలిపాకలోకి వెళ్ళింది. ఆవిడకి ఉబ్బసం. అది పుష్యమాసం మంచు. పైగా తోటంతా పూత మీద ఉంది. ఆవిణ్ణి మళ్ళీ ఇంటి కప్పు కిందికి ఎలా తీసుకురావాలన్నదే ఆ రోజుల్లో మా ఇంట్లో మాట, పాట, పోట్లాట. ఆ పోట్లాటలోకి, ఎవరూ పిలవకుండానే, ఎక్కడో మహాసముద్రాల అడుగున వచ్చే చిన్నచిన్న భూకంపాలు కూడా వచ్చి కలిశాయి. వాటిని ఇంటికి తెచ్చింది నేను. ఎలా తెచ్చానో చెబుతాను. అవి ఆవిడ విషయంలో మేలు చేశాయో కీడు చేశాయో మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను ఐదో ఫారంలో చదువు ఆపేసి తోటపనిలో పడ్డాను. చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. పని తీరినప్పుడల్లా సైకిలెక్కి నూజివీడు లైబ్రరీకి పోయేవాణ్ణి. తెలుగు బీరువాలన్నీ అయ్యాక ఇంగ్లీషు బీరువా మీద పడ్డాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక పేజీకి ఒక పూట. కాలేజీ కుర్రాళ్ళు పరీక్షల ముందు వచ్చి, కావలసిన నాలుగు పేజీలు రాసుకుని పోయేవారు. నేను అట్ట నుంచి అట్ట దాకా చదివేవాణ్ణి, ప్రకటనలతో సహా. గొప్ప చెప్పుకుంటున్నానంటే, అవును, గొప్పే. లైబ్రేరియన్ గారు నా కోసం ఒక కుర్చీ కిటికీ పక్కన ఉంచేవారు. నాకు వచ్చిన ఒకే ఒక్క బిరుదు అది.

భూమి గురించి నాకు అప్పటిదాకా తెలిసిందంతా ఒక పాత తెలుగు భూగోళశాస్త్రంలోది. భూమి ఒకప్పుడు నిప్పుముద్ద, చల్లారుతూ ముడుచుకుపోతోంది, ఆ ముడతలే కొండలు అని అందులో ఉంది. నాకు అది తేలిగ్గా పట్టుబడింది. గడ్డిలో మాగేసి మరిచిపోయిన రసం మామిడిపండుని చూస్తే చాలు. లోపల తగ్గేకొద్దీ పైన తోలు ముడతలు పడుతుంది. భూమీ అంతే అనుకుని, ఆ సంగతి అక్కడితో తేల్చేసుకున్నాను.

అలాంటి రోజుల్లో బెజవాడలో ఎవరో పెద్దమనిషి ఇల్లు ఖాళీ చేస్తూ, తన దగ్గరున్న ఇంగ్లీషు పత్రికల కట్టలు మా లైబ్రరీకి పంపించాడు. వాటిలో ఒకదానిలో సముద్రం అడుగు గురించి వ్యాసం. సముద్రం అడుగు మనం అనుకున్నట్టు చెరువు అడుగులా చదునుగా ఉండదట. నట్టనడుమ ఒక కొండల వరుస, ఒక సముద్రంలోంచి ఇంకో సముద్రంలోకి, గుడ్డబంతి మీద కుట్టులాగా భూమినంతా చుట్టి పోతోందట. ఆ వరుస నడినెత్తిన పొడుగునా ఒక చీలిక. మా పొలాల్లో రెండు గట్ల మధ్య నీళ్ళు పారే బోదె ఎలా ఉంటుందో అలాగ. ఎక్కడెక్కడో దీవుల్లో పెట్టిన యంత్రాలు ఆ నడిసముద్రంలో వచ్చే చిన్న భూకంపాలని పట్టుకుంటున్నాయట. ఒక్కొక్క భూకంపానికి పటంలో ఒక్కొక్క చుక్క పెట్టుకుంటూ పోతే, ఆ చుక్కలన్నీ అటూ ఇటూ చెదరకుండా సరిగ్గా ఆ బోదెలోనే పడుతున్నాయట.

ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ముడుచుకుపోయే పండుకి తోలు ముడత పడుతుంది గానీ పగలదు. పగిలేది ఎప్పుడు? కాయ మీద ఉన్నట్టుండి వాన పడి, లోపలి గుజ్జు ఉబ్బితే పగులుతుంది. మరి భూమి ముడుచుకుంటోందా, ఉబ్బుతోందా? లైబ్రేరియన్ గారిని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాత పుస్తకం ముడుచుకుంటోందంటోంది. కొత్త పత్రిక పగులుతోందంటోంది. రెండూ మన బీరువాలోవే. నేను ఏది కాదంటే ఏం బావుంటుంది చెప్పు?"

"రెండూ నిజం కాలేవు కదండీ."

"లైబ్రరీలో ఉండొచ్చు. బయటే ఉండలేవు."

తరవాత కొన్నేళ్ళకి, అదే కిటికీ పక్కన, ఆ చీలికలోంచి కొత్త రాయి పైకి వచ్చి సముద్రం అడుగు రెండువైపులకీ జరుగుతోందని చదివాను. అప్పుడైనా తేలిపోవాలి. తేలలేదు. కొత్త నేల పుడుతుంటే పాత నేల ఎక్కడికి పోతోంది అని ఇంకో ప్రశ్న మొదలైంది. ఆ సంగతి అటుంచుతాను.

హైస్కూలువాళ్ళు చిరిగిందని పారేసిన ప్రపంచపటం ఒకటి నా దగ్గర ఉండేది. దాన్ని మా నడవాలో గోడకి తగిలించి, పత్రికలో ఉన్న చుక్కల ప్రకారం తుమ్మముళ్ళు గుచ్చడం మొదలుపెట్టాను. అట్లాంటిక్ మధ్యనుంచి దిగి, ఆఫ్రికా కాళ్ళ కింద తిరిగి, హిందూ మహాసముద్రంలోకి ఎక్కి, అరేబియా వైపు పోయింది ముళ్ళకంప. ఆ పని నాకు ఎంత బావుండేదో చెప్పలేను. మా ఊళ్ళో నిలబడి, మనిషి కంటికి కనిపించని చోట కంచె వేస్తున్నట్టు ఉండేది.

అప్పుడే అష్టగ్రహ కూటమి మాటలు మొదలయ్యాయి. సంక్రాంతి వెళ్ళాక, అమావాస్యకి ముందు, ఎనిమిది గ్రహాలూ మకరరాశిలో చేరతాయని, ప్రళయమని, భూమి దద్దరిల్లుతుందని పేపరు నిండా అదే. గుళ్ళలో హోమాలు, వీధుల్లో భజనలు. ఎలాగూ పోతున్నాం కదా అని కొందరు పెంచుకున్న కోళ్ళన్నీ కోసుకుతిన్నారు. బాపులపాడులో మా బంధువులు ఇంటి కప్పు పెంకులన్నీ దింపి వరసగా పేర్చుకున్నారని కబురు వచ్చింది. నాయనమ్మ ఆ కబురు రెండుసార్లు చెప్పించుకుంది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, పైకి చూస్తోంది. నాకు జాలేసింది. నా చదువు ఒకసారైనా ఇంట్లో పనికొస్తుందనుకున్నాను.

"భూకంపానికీ గ్రహాలకీ సంబంధం ఏమీ లేదు నాయనమ్మా. గ్రహాలు కలవని రోజుల్లో కూడా భూమి రోజూ కదులుతూనే ఉంటుంది. ఈ పూట కూడా ఎక్కడో కదిలే ఉంటుంది."

"ఈ పూటా?"

"ఆ. చిన్నచిన్నవి. సముద్రంలో. ఎవరికీ తెలియవు."

ఆవిడ కంచం పక్కకి జరిపింది. "ఒకటీ రెండూ విడివిడిగా ఉన్నప్పుడే రోజూ కదులుతుంటే, ఎనిమిదీ ఒకచోట చేరాక ఎంత కదలాలి?"

సంబంధం లేదని నేను అన్నాను గానీ, లేదని ఆ వ్యాసంలో ఎక్కడా రాయలేదు. ఉందనీ రాయలేదు. అసలు ఆ ఊసే లేదు. నాన్న నా వైపు చూసి, "అన్నం తిననివ్వరా ఆవిణ్ణి," అన్నాడు. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ మంచం, దుప్పటి, మజ్జిగ ఉట్టి తోటకి చేరాయి.

మా వైపు తోటని పూత మీదే గుత్తకి ఇచ్చేస్తారు. అప్పటినుంచి కాయ కోసేదాకా చెట్టు బాగోగులు గుత్తదారువి. మా తోట తీసుకున్నాయన మైలవరం నుంచి వచ్చేవాడు. ఆ ఏడు పూతకి తేనెమంచు తగిలింది. చిన్న పురుగులు చేరి రసం పీలుస్తాయి, ఆకులు జిగురెక్కుతాయి, ఆ జిగురు మీద మసి పడితే పూత నల్లబడి రాలిపోతుంది. తెల్లారగట్ల మంచు తడి మీద, గోనెసంచిలో మందుపొడి పోసి, గెడకి కట్టి, చెట్టు చుట్టూ దులపాలి. కావలిపాక తోట నడుమ ఉంది. ఆ పొడి గాలికి ఎక్కడికైనా పోతుంది. అసలే మంచులో పడుకుని నాయనమ్మ గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆవిడ ఆ పాకలో ఉండగా మందు దులపడానికి నాన్న ఒప్పుకోలేదు, గుత్తదారుకీ ధైర్యం చాలలేదు. అందుకని ఆయన పొద్దున్నే వచ్చి, పాక ముందు గొంతుక్కూర్చుని బతిమాలేవాడు.

"మామ్మగారూ, మీరు లేవకపోతే పూత మసైపోద్దండి."

"భూమే పోతుంటే పూత ఏంటయ్యా?"

"పోకపోతేనో? అప్పుడు కాయ కావాలి కదండీ."

"పోద్దని తెలిసి గుత్తకెందుకు తీసుకున్నావు మరి?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, నవ్వాపుకున్నాడు. "పోద్దని సగం నమ్మకం, పోదని సగం నమ్మకం అండీ. వ్యాపారమంటేనే అది."

"అయితే నువ్వు నాకంటే నయం. నాకు సగం కూడా లేదు," అని ఆవిడ దగ్గింది. ఆ దగ్గు మొదలైతే తొందరగా ఆగేది కాదు. ఆయన తల పక్కకి తిప్పుకుని చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ మిరియాల కషాయం పట్టుకొచ్చి, "ఇంట్లోకి రండి అత్తయ్యా, మీకేమన్నా అయితే ఊళ్ళోవాళ్ళు నన్ననరా," అనేది. "నిన్నే అంటారు. నాకేమీ కానక్కర్లేదు, ఇప్పుడూ అంటున్నారు," అనేది నాయనమ్మ, కషాయం తాగుతూ.

నాలుగు మాటలు చెప్పి తీసుకురమ్మని నన్ను పంపారు. ప్రపంచపటం చుట్టి భుజాన పెట్టుకుని వెళ్ళాను. పాక గుంజకి తగిలించి, ముళ్ళు చూపించాను.

"ఇవన్నీ భూకంపాలా?"

"ఆ."

"అన్నీ నీళ్ళలోనే ఉన్నాయేంట్రా?"

"ఈ చిన్నవి అక్కడే వస్తాయి. వరసగా. ఈ గీత తప్పి బయటికి రావు."

"అక్కడ ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

ఎవరూ లేనిచోట అది ఎవరి కోసం అన్నట్టు కాసేపు చూసింది. "బందరు ఎక్కడ?"

చూపించాను. "ఇక్కడ. మనం ఇంకా ఇటు. చూడు, మన దగ్గర ఒక్క ముల్లు కూడా లేదు."

ఇంతటితో లేచి వస్తుందనుకున్నాను. ఆవిడ పటానికి దగ్గరగా వంగి, మా జిల్లా ఉన్న చోట వేలితో తడిమింది. "ఒక్క ముల్లు లేకపోవడం మంచిదా, చెడ్డదా?"

"మంచిదే కదా?"

"నువ్వు నన్ను అడుగుతావేంటి? చదివింది నువ్వు. రోజూ కాస్త కాస్త దగ్గేవాడు బతుకుతాడు. ఎన్నడూ దగ్గనివాడు ఒక్కసారి దగ్గితే..." అని, నిజంగానే దగ్గు వచ్చి ఆపేసింది.

చిన్నవి వస్తున్న చోట పెద్దది వస్తుందా, రాదా? చిన్నవి రాని చోట పెద్దది కూర్చుని ఉందా? నేను ఆ వ్యాసం మూడోసారి చదువుతున్నప్పుడు కూడా నాకు ఈ ప్రశ్న రాలేదు. వచ్చాక మాత్రం వదల్లేదు. ఆవిడకి ధైర్యం చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, సైకిలు తొక్కుకుంటూ తిరిగొస్తుంటే దారిపొడుగునా నేలకేసి చూస్తున్నాను.

ఉట్టి ఆలోచన రెండుమూడు రోజుల తరవాత పుట్టింది. పాకలో వేలాడుతున్న మజ్జిగ ఉట్టి పొద్దున్నే దానంతటదే ఊగుతోందని నాయనమ్మ అంది. గాలికి అన్నాను. గాలి లేదంది. అప్పుడు నాకు వ్యాసంలోని యంత్రం గుర్తొచ్చింది. అదీ ఒకరకం ఉట్టే. బస్సు ఉన్నట్టుండి కదిలితే లోపలివాళ్ళం వెనక్కి పడతాం. బస్సు ముందుకు పోయింది, మనం ఉన్నచోటే ఉండబోయాం. అలాగే నేల కదిలితే, బరువైన వస్తువు వేలాడదీసి ఉంటే, అది కాసేపు కదలకుండా ఉండిపోతుంది. దాని కింద నేల జరిగిన జరుగు గీతగా పడేలా చేస్తే అదే యంత్రం. ఇది ఆవిడకి చెప్పాను.

"అయితే ఇంట్లో కట్టు," అంది ఆవిడ. "గీత పడకపోతే వస్తాను. పడితే నన్నింక పిలవొద్దు."

ఈ ఒప్పందానికి ఇంట్లో అందరూ సంతోషించారు. గీత పడదని నాకంత గట్టి నమ్మకం.

నడవాలో పెద్ద దూలానికి ఉట్టి కట్టి, కుండ నిండా ఇసక పోశాను. కుండ అడుగున కొబ్బరి ఈనె కట్టాను. దాని కింద ఇత్తడి పళ్ళెం పెట్టి, పళ్ళెంలో ముగ్గుపిండి పల్చగా పరిచి, ఈనె కొస పిండికి తగిలీ తగలనట్టు సరిచేశాను. అమ్మ చూసి, "మంచి ముగ్గుపిండి తగలేశావు," అంది.

పొద్దున్న చూస్తే గీత ఉంది.

సన్నది, చీమ నడిచినంత. అమ్మ వంటింట్లో రోట్లో కారం దంచుతోంది. అదే అనుకుని, దంచొద్దని చెప్పి, పిండి సర్ది మళ్ళీ పెట్టాను. మళ్ళీ గీత. వీధి చివర రైసుమిల్లు ఇంజను కొడితే మా గోడలు కాస్త అదురుతాయి. మిల్లు లేని పూట చూశాను. గీత. గాలేమోనని కిటికీలకి గోనెలు కట్టాను. గీత. పిల్లి అయితే అడుగులు పడాలి, పడలేదు. ప్రతిసారీ గీత తూర్పూ పడమరలుగానే పడుతోంది. నాకు కలిగింది భయమో సంబరమో చెప్పలేను. ఎక్కడో సముద్రం నడుమ బోదెలో నేల కదిలి, ఆ కదలిక దేశాలు దాటి వచ్చి, మా నడవాలో ముగ్గుపిండి మీద రాస్తోందా?

లైబ్రరీకి పరిగెత్తాను. లైబ్రేరియన్ గారు అంతా విన్నారు.

"మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

"ఉన్నాయండి."

"దూలం మీద తిరుగుతాయా?"

"తిరుగుతాయండి. దూలం కూడా తూర్పూ పడమరలే."

"సముద్రం కంటే ఎలుక దగ్గర కదోయ్."

నిజమే. కాని ఎలుక అని మాత్రం ఎలా చెప్పడం? దీవుల్లో యంత్రాలు పెట్టినవాళ్ళకి ఎలుకలుండవా? అలలు కొట్టవా? ఇది సముద్రం అడుగున కదిలింది, ఇది ఒడ్డున అల కొట్టింది, ఇది పనివాడు తలుపు వేశాడు అని వాళ్ళు ఎలా వేరు చేస్తారు? ఆ వ్యాసం మళ్ళీ తీసి చదివాను. చాలా యంత్రాలు చాలా చోట్ల ఉండాలని ఒక వాక్యం ఉంది. నాకున్నది ఒక ఉట్టి.

ఈలోపు నాయనమ్మ కబురు పంపింది. గీతలు పడ్డాయో లేదో మాటతో చెబితే ఒప్పుకోనని, పళ్ళెం ఉన్నది ఉన్నట్టు తెచ్చి చూపించమని. నేను మహా జాగ్రత్తగా పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, సైకిలు కూడా ఎక్కకుండా, నడిచి వెళ్ళాను. పాక దగ్గరికి చేరి చూసుకుంటే, పిండి అంతా ఒక పక్కకి చేరి, మధ్యలో అలలు అలలుగా ఉంది. నా అడుగులు అందులో పడతాయని ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు నాకు తట్టనే లేదు.

నాయనమ్మ పళ్ళెం చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంత కదిలిందంట్రా ఇల్లు?"

"ఇల్లు కాదు నాయనమ్మా. ఇది నా నడక."

"మరి ఇల్లు కదిలిన గీత ఏది?"

నేను పళ్ళెం అటూ ఇటూ తిప్పాను. "ఇందులోనే ఎక్కడో ఉంది."

"అసలు పడిందా, లేదా?"

"పడింది. చిన్నది. రోజూ పడుతోంది. ఎలుకలు కావచ్చు."

"కావచ్చు," అంది ఆవిడ. గుత్తదారు అక్కడే ఉన్నాడు. పళ్ళెంలోకి తొంగిచూసి, "మందు కొట్టుకోవచ్చాండి మరి?" అని అడిగాడు. నాయనమ్మ దుప్పటి తల మీదికి లాక్కుంది. దుప్పటి లోపల్నుంచి పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి. నా ఉట్టి వల్ల ఆవిడకి పాక ఖాయమైపోయింది.

ఇక ఆ రోజు వచ్చింది. ఎనిమిది గ్రహాలూ ఒక రాశిలో చేరాయన్న రోజు. ఇళ్ళు కూలతాయని మా వీధి వీధంతా పొద్దున్నే ఇళ్ళు వదిలి బయల్దేరింది. కప్పు లేని చోటు ఏది? మా తోట. ముసలావిడ ముందే వెళ్ళి కూర్చుంది కదా, ఆవిడకి తెలిసే వెళ్ళిందని అందరి నమ్మకం. చాపలు, గిన్నెలు, మేకలు, భజన తాళాలు అన్నీ వచ్చాయి. పొయ్యిలు వెలిగించారు. పచ్చి కట్టెలు. పూత కొమ్మల కింద పొగ కమ్ముకుంది. గుత్తదారు చెట్టు చెట్టుకీ పరిగెత్తి, "పొయ్యి అటు పెట్టుకోండమ్మా, పూత మాడిపోద్ది," అని చేతులు జోడిస్తున్నాడు. ఎవరూ వినడం లేదు.

పక్కింటి పిన్ని పొయ్యి తెచ్చి సరిగ్గా పాక గుమ్మంలో పెట్టింది. "మీ పక్కనుంటే ధైర్యంగా ఉంటుందత్తా," అంది. నాయనమ్మకి ఊపిరందలేదు. మంచం పట్టె పట్టుకుని వంగిపోయింది. నేను వీపు రాస్తున్నాను. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి, గాలి లోపలికి పోవడంలేదు. ఆ కాసేపు నాకు గ్రహాలూ గుర్తులేవు, సముద్రమూ గుర్తులేదు.

కాస్త తెరిపిచ్చాక ఆవిడ తల ఎత్తి, చుట్టూ చూసింది. పొగ. జనం. విరిగిన పూత కొమ్మ ఒకటి ఆవిడ దుప్పటి మీదే పడి ఉంది.

"మంచం ఎత్తు," అంది నాతో.

"ఎక్కడికి?"

"ఇంటికి."

నాన్న పరిగెత్తుకొచ్చాడు. ఇన్నాళ్ళూ ఇంటికి రమ్మని బతిమాలినవాడు, ఇప్పుడు, "ఇవాళా అమ్మా? రేపో ఎల్లుండో వెళ్ళొచ్చు కదే," అన్నాడు. అన్నాక తనే సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకున్నాడు.

పక్కింటి పిన్ని, "అత్తా, ఇవాళే కదా కూలేది," అంది.

నాయనమ్మ ఉట్టిలోంచి మజ్జిగ చెంబు తీసుకుని, నా భుజం పట్టుకుని లేచింది. "ఆ ఇల్లు రోజూ ఊగుతూనే ఉందంట. వీడు పళ్ళెంలో చూపించాడు. రోజూ ఊగేది ఇవాళ కొత్తగా కూలేదేంటి?"

నేను మంచం తలకెత్తుకున్నాను. ఆవిడన్నది నేను చదివిన వ్యాసంలోంచి వచ్చిన మాటలాగానూ ఉంది, కానట్టూ ఉంది. రోజూ కదిలే చోటే భయంలేని చోటని నేను ఎప్పుడూ చెప్పలేదు. అది నిజమో కాదో కూడా నాకు తెలియదు. ఆ గీతలు ఎలుకలవైతే ఆవిడ ధైర్యానికి ఆధారం ఎలుకలు. చెబుదామని నోరు తెరిచి, ఆవిడ గొంతులో కూతలు విని, మూసుకున్నాను. గుత్తదారు మాత్రం పెద్ద కూతురు కాపురానికి వెళుతున్నట్టు, పాక నుంచి డొంకదారి దాకా మా వెనకాలే వచ్చాడు.

మా వీధిలో మనిషి లేడు. అన్ని తలుపులూ గొళ్ళాలు. మిల్లు ఇంజను లేదు. అమ్మ రోలు లేదు. అంత నిశ్శబ్దంగా మా వీధిని నేను ఎప్పుడూ చూడలేదు. నాయనమ్మ గొళ్ళెం తీసి, నడవాలోకి నడిచి, ఇసకకుండ ఉట్టి పక్కన, ఆ పెద్ద దూలం కిందే, "ఇక్కడ వెయ్యి," అంది.

నేను మంచం గుమ్మంలోంచి లోపలికి తోసి, బయటే నిలబడ్డాను. కావాలని నిలబడలేదు. ఒక కాలు గడప లోపల పెట్టాను, రెండోది రాలేదు. పెంకుల వైపు చూశాను. వరసలు వరసలుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. గ్రహాలకీ భూకంపాలకీ సంబంధం లేదని ఇంట్లో అందరికంటే ముందు అన్నవాణ్ణి నేను. ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను. కాని ఆ వ్యాసంలో లేదని రాసి లేదు.

నాయనమ్మ మంచం మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను చూసింది.

"లోపలికి రా. అన్ని పుస్తకాలు చదివావు, గడప మీద నిలబడతావేంటి?"

"వస్తున్నా."

"భయమా?"

"భయం కాదు. తెలియడం లేదు."

"తెలియకపోతే కూర్చుని తెలియకుండా ఉండు. నిలబడితే కాళ్ళు నొప్పులు."

వెళ్ళి ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. తోట వైపునుంచి భజన సన్నగా వినిపిస్తోంది. ఆవిడ పొగలేని గాలి కొంచెం కొంచెంగా పీల్చింది. కాసేపటికి పక్కకి తిరిగి పడుకుంది. పిల్లికూతలు మొదట దూరదూరమయ్యాయి, తరవాత ఒకటి వచ్చి, చాలాసేపటికి ఇంకొకటి వచ్చి, ఆగిపోయాయి. నేను భయపడి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా, సాఫీగా ఉంది. పడుకుంది, అంతే.

పళ్ళెం కుండ కింద యథాప్రకారం ఉంది. పొద్దున్నే పిండి సర్ది పెట్టాను. చప్పుడు చేయకుండా దాని మీదికి వంగి చూశాను. ఈనె కొస దగ్గర సన్నటి గీత ఒకటి ఉంది, తూర్పూ పడమరలుగా. నేను లోపలికి వచ్చి కూర్చున్నప్పుడు పడిందో, ఆవిడ మంచం మీద వాలినప్పుడు పడిందో, దూలం మీద ఎలుకదో, ఎక్కడి సముద్రందో. వేలితో పిండి సర్దబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లేచిందంటే ఆవిడ మొదట అడిగేది ఆ గీత సంగతే.